గుడ్డు పెంకు మీద గీత

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన చేతిపనుల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి ఆడపిల్లలతో ఉంటున్నవాళ్ళం. చేతిపని అనగానే సుగాలి కుట్టు, ఎరుకల గంప అని మీరు అనుకునే ఉంటారు. అక్కడికే వస్తాం. కాకపోతే ఈ రోజు కోడిగుడ్డు దగ్గర మొదలుపెట్టి వస్తాం. నవ్వకండి, వినండి.

పోయిన ఏడాది సెలవులకు ఇంటికి వెళ్ళొచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఒక వీడియో సంగతి చెప్పారు. ఎవరో గుడ్డు పెంకును జాలీలా చెక్కి, లోపల చిన్న దీపం పెట్టారట. 'మేడమ్, ఇది ఏ దేశం వాళ్ళ పని? మన వాళ్ళలో ఎవరికైనా వచ్చా?' అని అడిగారు. మేము టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్ళం కదా, పిల్లల ప్రశ్నకు 'చూసి చెబుతాం' అంటే నిజంగానే చూడాలి. పుస్తకాలు వెతికాం, తెలిసినవాళ్ళను అడిగాం.

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాం. మన పడమటి మండలాల్లో సుగాలీలకు గానీ, ఎరుకల వాళ్ళకు గానీ, యానాదులకు గానీ గుడ్డు పెంకు చెక్కే వృత్తి లేదు. 'ఇది కూడా మన పూర్వీకులదే' అని గొప్ప చెప్పుకోవడానికి మేము రాలేదు. లేనిది ఉందని చెబితే, ఉన్నదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మరి ఎవరిదీ పని? యూరప్‌లో ఈస్టర్ పండుగకు గుడ్లు అలంకరించడం మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఉక్రెయిన్ వాళ్ళు మైనంతో గీసి రంగుల్లో ముంచే పిసంకా పద్ధతిని యునెస్కో 2024లో వారసత్వ జాబితాలో చేర్చింది. హంగరీలో కొందరు కమ్మరులు ఖాళీ గుడ్డుకు చిన్న చిన్న ఇనుప లాడాలు కొడతారు, గుర్రానికి కొట్టినట్టే! ఇవన్నీ చూడముచ్చటైనవే. కానీ మా పిల్లల మనసు పట్టుకున్నది ఇవి కావు. వీటికంటే చాలా పాతది, అడవిలో ఎడారిలో బతికినవాళ్ళది ఇంకొకటి ఉంది.

దక్షిణాఫ్రికాలో డీప్‌క్లూఫ్ అని ఒక కొండ గుహ. అక్కడ తవ్వితే నిప్పుకోడి గుడ్డు పెంకు ముక్కలు దొరికాయి. నిప్పుకోడి అంటే తెలుసు కదా, ఎగరలేని ఆ పెద్ద పక్షి. 2010లో పరిశోధకులు ప్రకటించిన లెక్క ప్రకారం గీతలు చెక్కి ఉన్న ముక్కలే 270. వాటి వయసు సుమారు 60,000 ఏళ్ళు. రెండు పొడుగు గీతలు, వాటి మధ్య వరసగా అడ్డగీతలు, అచ్చం నిచ్చెన లాగా, రైలు పట్టాల లాగా. ఒకరు సరదాగా గీకి పడేసింది కాదని ఎలా తెలిసింది? అవే నమూనాలు చాలా ముక్కల మీద, వేర్వేరు మట్టి పొరల్లో మళ్ళీ మళ్ళీ కనిపించాయి. అంటే ఒకరిని చూసి ఒకరు, ఒక తరాన్ని చూసి ఇంకో తరం నేర్చుకున్నారు. కొన్ని ముక్కలకు మూతి దగ్గర చేసిన రంధ్రం కూడా ఉంది. అవి నీళ్ళ బుర్రలన్నమాట.

ఆ నీళ్ళ బుర్రలు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. కలహారి ఎడారిలో ఉండే శాన్ ప్రజలు నిప్పుకోడి గుడ్డుకు పైన చిన్న రంధ్రం చేసి, లోపలిది తినేసి, అందులో నీళ్ళు నింపి గడ్డితోనో మైనంతోనో మూసేవాళ్ళు. ఒక్కో గుడ్డులో ఒక లీటరు పైనే పడుతుంది. వానాకాలంలో నింపి దారి పొడుగునా ఇసుకలో పాతిపెట్టి, ఎండాకాలంలో తవ్వుకుని తాగేవాళ్ళు. పగిలిన పెంకును కూడా పారేయలేదు. ఆడవాళ్ళు ఆ ముక్కలను గుండ్రంగా అరగదీసి పూసలు చేసి దండలు గుచ్చారు, ఇప్పటికీ గుచ్చుతున్నారు. బిందె లేని చోట బిందె, బంగారం లేని చోట నగ, రెండూ పెంకే.

ఆఫ్రికా సంగతి మనకెందుకు అంటారేమో. నిప్పుకోళ్ళు ఒకప్పుడు మన దేశంలోనూ తిరిగాయి. పాత పెంకుల నుంచి డిఎన్ఏ తీసి హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతరులతో కలిసి 2017లో ఆ సంగతి రుజువు చేశారు. మహారాష్ట్రలో పట్నే అనే చోట 1970ల తవ్వకాల్లో సుమారు 25,000 ఏళ్ళ నాటి పెంకు ముక్క దొరికింది. దాని మీద అడ్డదిడ్డంగా కాదు, వరస తప్పకుండా జల్లెడ గీతలు చెక్కి ఉన్నాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. అప్పట్లో మన దేశంలో చెక్కిన పెంకులు ఇంకా చాలా దొరికాయని అనుకున్నారు. ఆస్ట్రేలియాలో ఉండే రాబర్ట్ బెడ్నారిక్ అనే పరిశోధకుడు వాటిని భూతద్దం కింద పెట్టి చూస్తే, చాలా వాటి మీద ఉన్నవి మనిషి గీతలు కావు, మట్టిలో చెట్ల వేర్లు చేసిన గుర్తులని తేలింది. పట్నే ముక్క మాత్రం నిలబడింది. మాకు ఈ సంగతి చాలా నచ్చింది. ఉన్నది ఒక్కటే అయినా నిఖార్సైనది.

ఇంకా దగ్గరికి రండి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే, ప్రకాశం జిల్లాలో, సుమారు 41,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. తొమ్మిది పది అడుగుల వెడల్పు గూడు, వేల పెంకు ముక్కలు. మదనపల్లెలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే జిల్లా అది. మా హాస్టల్‌లో ఈ వార్త చదివి వినిపించినప్పుడు ఒక చిన్నపిల్ల 'అయితే గుడ్డు రోజూ తినేవాళ్ళన్నమాట!' అంది. హాస్టల్ మెనూ లెక్క అది.

ఇక మా ప్రయోగం. హాస్టల్‌లో గుడ్డు రోజున కుప్పల కొద్దీ పెంకులు మిగులుతాయి. కానీ ఉడికించిన గుడ్డు పెంకు ముక్కలైపోతుంది, చెక్కడానికి పనికిరాదు. పచ్చి గుడ్డు కావాలి. సర్కారు గుడ్డు ముట్టుకోలేం, అది రిజిస్టరులో లెక్క. అందుకని బయట కొన్నాం. కొందరు తల్లులు ఇంటి నుంచి నాటుకోడి గుడ్లు పంపారు. ఎలా చేశామో కాస్త వివరంగా చెబుతాం, ఇంటి దగ్గర చేసి చూస్తారని.

గుడ్డును సబ్బుతో కడగాలి. పైన ఒకటి, కింద ఒకటి సూదితో రంధ్రం చేయాలి, కిందది కాస్త పెద్దది. పొడుగు సూది లోపలికి పెట్టి సొనను చెదరగొట్టాలి. తర్వాత పై రంధ్రంలోంచి గాలి కొడితే కింది నుంచి లోపలిదంతా గిన్నెలోకి దిగుతుంది. నోటితో ఊదవద్దు, పచ్చి గుడ్డులో క్రిములుంటాయి. సూది తీసేసిన సిరంజి చాలు. గిన్నెలో పడినదాన్ని పారేస్తే మా వంటమ్మ ఊరుకోదు, ఆ పూట గుడ్డు పొరటు. పెంకు లోపల నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, నీడలో తలకిందులుగా ఆరబెట్టాలి.

తర్వాత రంగు. ఉల్లిపొట్టు నీళ్ళలో వేసి మరగబెట్టి, చల్లార్చి, అందులో పెంకును ముంచి ఉంచితే ఇటుక రంగు పడుతుంది. ఖాళీ పెంకు తేలుతుంది, పైన చిన్న గిన్నె బోర్లించి మునిగేలా చూడాలి. బాగా ఆరాక సన్నటి మొనతో గీకితే రంగు పోయి తెల్ల గీత వస్తుంది. యూరప్ పల్లెల్లోనూ కొన్ని చోట్ల ఇలాగే గీకుతారు. వాళ్ళకు చిన్న కత్తులుంటాయి. మా పిల్లలకు కంపాస్ బాక్సులోని డివైడర్ ముల్లు దొరికింది. లెక్కల మాస్టారు చూస్తే ఏమంటారో గానీ దానికంటే మంచి పనిముట్టు మాకు కనిపించలేదు.

కోడిగుడ్డు పెంకు మందం మిల్లీమీటరులో మూడో వంతు. దాని మీద పట్టుకునే పద్ధతే అసలు పని. వేళ్ళతో నొక్కి పట్టుకుంటే విరుగుతుంది. అరచేతిలో మెత్తటి గుడ్డ వేసి, దాని మీద పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. గీకే చెయ్యి కదలకూడదు, గుడ్డు తిరగాలి. ఒకే చోట పది సార్లు మెల్లగా గీకాలి, ఒక్కసారి గట్టిగా కాదు. వీడియోలో చూసిన జాలీ పనికి కరెంటుతో తిరిగే సన్నటి డ్రిల్లు కావాలి. దాని జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. అరగదీసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఏది చేసినా పెంకును తడుపుతూ, మూతికి గుడ్డ కట్టుకుని చేయండి.

ఇంకో హెచ్చరిక. పెద్ద గుడ్డు మీద బాగుంటుందని నెమలి గుడ్డు కోసం పొలాల వెంట తిరగొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద నెమలికి పూర్తి రక్షణ ఉంది, గుడ్డు తీసినా నేరమే. మన పిల్లల పేరు అలాంటి కేసులో వింటే మేము తట్టుకోలేం. బాతు గుడ్డు కాస్త మందంగా ఉంటుంది, అది చాలు.

మొదటి ఆదివారం చాలా గుడ్లు పగిలాయి. పగిలినవాటిని కూడా దాచాం. వియత్నాంలో లక్క చిత్రాల్లో తెల్ల రంగు కోసం బాతు గుడ్డు పెంకు ముక్కలనే అతికిస్తారు. మా పిల్లలు అట్ట మీద జిగురు రాసి అలా అతికించి నెలవంక చేశారు. అది ఇప్పుడు స్టడీ హాల్లో ఉంది.

రెండు మూడు వారాలకు చెయ్యి కుదిరింది. కానీ ఒక చిక్కు వచ్చింది. గుడ్డు నడుము చుట్టూ గీసిన అంచు తిరిగి వచ్చేసరికి మొదలైన చోట కలవదు. ఒక వేలు ఎగువకో, దిగువకో పోతుంది. నిచ్చెన మెట్లు ఒక వైపు దగ్గర దగ్గరగా, ఇంకో వైపు ఎడంగా పడతాయి. టేపు చుట్టి చూశాం, దారం కట్టి చూశాం. గుడ్డు గుండ్రంగా ఉండి మొన దేలి ఉంటుంది కదా, దారం జారిపోతుంది.

ఆదివారం మా దగ్గర అమ్మానాన్నలు చూడటానికి వచ్చే రోజు. పుంగనూరు వైపు ఒక తండా నుంచి ఒక సుగాలి అవ్వ మనవరాలి కోసం వచ్చింది. కాంచళి, ఫేటియా వేసుకునే తరం. పిల్లలు గుడ్లు ముందేసుకుని తంటాలు పడుతుంటే కాసేపు చూసింది. ఒకటి ఇటివ్వమంది. ఎడమ అరచేతిలో పెట్టుకుంది. ముల్లుతో నడుము మీద ఒక చుక్క పెట్టింది. గుడ్డు తిప్పి దానికి సరిగ్గా వెనక ఇంకో చుక్క. ఆ రెండింటికీ నడుమ అటొకటి, ఇటొకటి. నాలుగయ్యాయి. ఆ నాలుగింటి మధ్యలో మళ్ళీ నాలుగు. అప్పుడు చుక్క నుంచి చుక్కకు గీసుకుంటూ పోయింది. చుట్టూ తిరిగి వచ్చిన గీత మొదటి చుక్కలోకే వచ్చి కలిసింది. తర్వాత మెట్లు, మెట్ల పైన త్రికోణాలు. పెన్సిలు లేదు, స్కేలు లేదు.

ఎలా వచ్చిందని అడిగితే ఆమె వింతగా చూసింది. ఫేటియా అంచుకు అద్దాలు పెట్టేటప్పుడు అలాగే కదా సగం, సగంలో సగం అంటూ పోతాం, లేకపోతే చివర అర అద్దం మిగలదూ అంది. గుడ్డు చెక్కడం ఆమె జన్మలో చేయలేదు. గుండ్రటి దాని చుట్టూ నమూనాను తిప్పుకు రావడం ఆమె చేతికి తెలుసు.

మనవరాలు తొమ్మిదో తరగతి. బాగా చదువుతుంది. ఆమెను అడిగాం, 'ఆ నిచ్చెన కుట్టుకు మీ బోలీలో ఏమంటారమ్మా?' తెలియదంది. ఆమె మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చింది.

పిల్లలూ, ఈ ప్రసంగం ఒప్పుకున్నది ఈ మాట చెప్పడానికే. సూది పట్టించే వయసు ఏడు, ఎనిమిది, తొమ్మిదేళ్ళు. ఈత బద్ద చీల్చడం నేర్పేదీ అప్పుడే. సరిగ్గా ఆ వయసులోనే మనం పిల్లలను హాస్టల్‌కు తెచ్చుకుంటున్నాం. హాస్టల్ వద్దని మేము అనం. ఎలా అంటాం? ఈ హాస్టళ్ళు లేకపోతే మీలో సగం మంది టమోటా తోటల్లో కూలికి పోయుండేవాళ్ళు. మాలాంటివాళ్ళం చదువుకుని ఈ ఉద్యోగాల్లోకి వచ్చింది కూడా హాస్టల్ అన్నం తినే. కానీ దానికి కట్టిన ధర ఏమిటో లెక్క వేయాలి. అవ్వ పక్కన కూర్చునే సాయంత్రాలు పోయాయి. పదేళ్ళ హాస్టల్ తర్వాత ఇంటికి వెళ్ళిన పిల్లకు అవ్వ చెయ్యి అందదు. కొన్నిసార్లు అవ్వే ఉండదు.

ఇంకో దేశం కథ చెబుతాం. ఆస్ట్రేలియాలో ఈమూ అనే పక్షి ఉంది. కొన్నేళ్ళ కింద మన దగ్గర కూడా ఈమూ ఫారాల మోజు వచ్చి పోయింది, మీ నాన్నలను అడగండి. ఆ గుడ్డు పైన ముదురు ఆకుపచ్చ. గీకితే కింద నీలి పచ్చ, ఇంకా గీకితే లేత పొర, అడుగున తెలుపు. ఎంత లోతుగా గీకితే అంత వెలుగు. రంగు వేయకుండానే నీడలతో బొమ్మ తేలుతుంది. అక్కడి ఆదివాసులు ఈ పెంకుల మీద కంగారూలను, నదులను, తమ కథలను చెక్కుతారు. ఎస్తర్ కిర్బీ అనే ఆమెకు తండ్రి సామ్ కిర్బీ నేర్పాడు. బ్యాడ్జర్ బేట్స్ అనే కళాకారుడికి చిన్నతనంలో అమ్మమ్మ నేర్పింది, ఎనిమిదేళ్ళ వయసులో. ఇప్పుడు ఆయన పనులు పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి.

అదే దేశంలో ప్రభుత్వాలు దశాబ్దాల పాటు ఆదివాసీ పిల్లలను తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయి సంస్థల్లో పెట్టాయి. సొంత భాష మాట్లాడనివ్వలేదు. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. అది వేరు, మన హాస్టల్ వేరు. ఇక్కడ అమ్మానాన్నలే దరఖాస్తు పెట్టి చేరుస్తారు, పండుగకు ఇంటికి తీసుకుపోతారు. రెండింటినీ ఒక గాటన కట్టడం తప్పు. అయినా ఒకటి గమనించండి. అక్కడ పని మిగిలింది ఎవరి దగ్గర? పెద్దవాళ్ళ ఒళ్ళో కూర్చుని నేర్చుకోగలిగిన పిల్లల దగ్గర.

మన సంగతికి వద్దాం. సుగాలి కుట్టుకు ఇప్పుడు గిరాకీ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మనకు పొరుగున బళ్ళారి వైపు సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారు. సండూరు వాళ్ళు కిలన్, వేలె, బక్కియా, మాకీ, నక్రా అంటూ 14 కుట్ల పేర్లు చెబుతారు. మన తండాల్లో ఏ పేర్లున్నాయి? ఎన్ని ఉన్నాయి? ఈ సభలో ఎవరైనా లేచి చెప్పగలిగితే మైకు ఇచ్చేస్తాం.

ఇంకోవైపు ఏం జరుగుతోంది? పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు తండాలకు వస్తారు. పాత ఫేటియా కనిపిస్తే వాళ్ళ కళ్ళు వెలుగుతాయి. మనవాళ్ళు రెండు గిన్నెలకు ఇచ్చేస్తారు. అది ఎక్కడికో పోయి ముక్కలై, చేతిసంచీగా, దిండు గలీబుగా మారి టూరిస్టుల బజారులో తేలుతుంది. కుట్టిన చేతి పేరు దాని మీద ఉండదు. అవ్వ పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి కుట్టుకున్న బట్ట అది. దాన్ని చూసి నమూనా తీసుకునే వీలు కూడా దానితోనే పోతుంది. ఇల్లు గడవక అమ్ముకుంటే మేము తప్పు పట్టం. కానీ రెండు గిన్నెలకా?

మాకు ఇంకా బాధ కలిగించేది హాస్టల్ గేటు దగ్గర జరిగేది. అవ్వ కాంచళి తొడుక్కుని, చేతుల నిండా గాజులతో వస్తే, స్నేహితులు చూస్తారని ఆమెను గోడ పక్కకు తీసుకుపోయి మాట్లాడే పిల్లలున్నారు. మీరు కాదులెండి. ఆ గుడ్డు రోజు తర్వాత మాత్రం మా హాస్టల్‌లో అవ్వలు వస్తే స్టడీ హాల్లోకే తీసుకొస్తున్నారు. డివైడరు చేతికిస్తున్నారు.

ఎరుకల పిల్లల సంగతి కూడా చెప్పాలి. కుప్పం వైపు పట్టు పరిశ్రమ ఉంది కదా. పట్టుపురుగులు గూడు కట్టే చంద్రికలు వెదురుతో అల్లేవాళ్ళు. ఇప్పుడు వాటి స్థానంలో ప్లాస్టిక్‌వి వస్తున్నాయి. మదనపల్లె టమోటా మార్కెట్‌కు పోయి చూడండి, కనుచూపు మేర ప్లాస్టిక్ క్రేట్లే. గంప అడిగేవాడు లేడు. కాబట్టి గంపలల్లి బతకమని మేము ఎవరికీ చెప్పం, చెప్పే హక్కు కూడా లేదు. కానీ మా గుడ్ల పని చూసిన ఒక ఎరుకల తాత, ఎండుగడ్డి పొర మీద పొర వేసి గంపలో గుడ్లు సంతకు మోసుకుపోయిన రోజులు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. మా చెక్కిన గుడ్లు నిలబెట్టడానికి ఈత బద్దతో వేలెడంత చుట్టలు అల్లి ఇచ్చాడు. చూసినవాళ్ళందరూ ముందు ఆ చుట్టనే ఎత్తి చూశారు, తర్వాతే గుడ్డును.

గుడ్డు పెంకు పనితో బతుకు గడుస్తుందని మేము అనుకోవడం లేదు. పగిలిపోయే సరుకు, పార్సిల్లో పంపలేం. చేతికి ఓపిక నేర్పడానికి, అవ్వను స్టడీ హాల్లో కూర్చోబెట్టడానికి మాకు పనికొచ్చింది. డబ్బు వచ్చేది కుట్టులో. 1987లో పెట్టిన ట్రైఫెడ్ అనే కేంద్ర సంస్థ గిరిజన కళాకారుల దగ్గర సరుకు కొని 'ట్రైబ్స్ ఇండియా' దుకాణాల్లో అమ్ముతుంది. అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. డిగ్రీ చదివే అన్నలూ, అక్కలూ, మీకు ఫోన్లు ఉన్నాయి, ఫారాలు నింపడం వచ్చు. మీ తండాలో కుట్టు వచ్చిన ఇద్దరు ముగ్గురి తరఫున ఆ పని మీరే చేయాలి. అవ్వకు దరఖాస్తు రాదు, మీకు కుట్టు రాదు. ఇద్దరూ కలిస్తేనే ఆ ఫారం నిండుతుంది.

కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మన భాషల మీద, జానపదాల మీద పరిశోధన చేసే చోటు. మన పిల్లల్లో పీజీకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సొంత తండా కుట్టు మీద, సొంత కాలనీ గంపల మీద రాస్తే ఎంత బాగుంటుంది! పట్నే పెంకు ముక్కను చదవడానికి భూతద్దాలు, ఏళ్ళ వాదాలు కావలసి వచ్చింది. చెక్కినవాళ్ళు ఇప్పుడు లేరు కాబట్టి. మన దగ్గర చెక్కే చెయ్యి ఇంకా ఉంది, వెళ్ళి అడగడమే.

దసరా సెలవులు వస్తున్నాయి. మా హాస్టల్ పిల్లలకు హోం వర్కు తగ్గించమని టీచర్లను అడిగాం, ఒప్పుకున్నారు. బదులుగా ఒక పని ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక్క కుట్టో, ఒక్క అల్లికో నేర్చుకోవాలి. దాని పేరు మన భాషలో ఎలా పలుకుతారో అలాగే తెలుగు అక్షరాల్లో రాసుకోవాలి. నేర్పినవాళ్ళ పేరు, వాళ్ళకు నేర్పినవాళ్ళ పేరు రాయాలి. నమూనా జేబురుమాలంత గుడ్డ మీద చేసి తేవాలి. పాత బట్ట ఉంటే ఫోటో తీయండి, బట్టను మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా.

హాస్టల్‌లో లేనివాళ్ళు కూడా రాయొచ్చు. రాసినవి సంఘం ఆఫీసులో ఇస్తే మా నోటుపుస్తకంలోకి ఎక్కిస్తాం. ఇప్పటికి అందులో పుంగనూరు వైపు తండాల కుట్లు కొన్ని, మదనపల్లె వైపువి కొన్ని చేరాయి. కుప్పం వైపు నుంచి ఆ ఎరుకల తాత చెప్పిన గంపల పేర్లు ఒక పేజీ ఉన్నాయి. యానాది పిల్లల నుంచి ఇంకా ఏమీ రాలేదు. వాళ్ళ కోసం నాలుగు పేజీలు ఖాళీగా ఉంచాం.

 గుడ్లు బయట బల్ల మీద ఉన్నాయి, చూడండి. దయచేసి పిల్లలు చేతికిస్తేనే పట్టుకోండి.